ఆండీస్‌లో టీనేజ్ పిల్లల సమ్మర్ వాలంటీర్ ట్రిప్: మా అమ్మాయి వెళ్ళొచ్చాక నా రివ్యూ

దక్షిణ అమెరికాలోని పెరూలో, ఆండీస్ కొండల్లో ఉన్న కుస్కో ఊరి చుట్టుపక్కల హైస్కూల్ పిల్లల కోసం సమ్మర్‌లో నడిపే వాలంటీరింగ్ ప్రోగ్రామ్‌లు ఇప్పుడు బోలెడు వచ్చాయి, మా పెద్దమ్మాయి అలాంటిదాంట్లో జూన్ బ్యాచ్‌కి వెళ్ళొచ్చింది, ప్రోగ్రామ్ అయిపోయే టైమ్‌కి నేనూ మా ఆయనా కూడా కుస్కో వెళ్ళి అది ఉన్న ఊరు, ఇల్లు చూసి అమ్మాయిని తీసుకొచ్చాం. ఇక్కడ అమెరికాలో మన తెలుగు పేరెంట్స్ గ్రూపుల్లో ప్రతి జనవరిలో ఇదే ప్రశ్న వస్తుంది, పంపొచ్చా, సేఫేనా, అంత డబ్బు పెట్టడం వర్తా అని. అందుకని ఒకేసారి అన్నీ రాసేస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. రేటింగ్ అంటే 5కి 3.5 ఇస్తాను, ఆ మార్కుల్లో ఎక్కువ భాగం ఆ ఊరివాళ్ళకీ అక్కడి లోకల్ లీడర్లకీ చెందుతాయి, కంపెనీకి కాదు. కంపెనీ పేరు చెప్పట్లేదు. చేరే ముందు చాలా బ్రోచర్లు చూశాం, అన్నీ దాదాపు ఒకే మూసలో ఉన్నాయి, కాబట్టి నేను చెప్పేది మీరు దేంట్లో చేరినా పనికొస్తుంది.

ముందు ఎత్తు సంగతి, ఎందుకంటే మిగతావన్నీ దాని తర్వాతే. కుస్కో సముద్ర మట్టానికి 3400 మీటర్ల ఎత్తులో ఉంది, విమానం దిగి బ్యాగ్ ఎత్తుకుని నాలుగు మెట్లు ఎక్కితే గుండె దడదడలాడుతుంది, అది మన ఫిట్‌నెస్‌ని బట్టి ఉండదు, స్విమ్ టీమ్‌లో ఉన్న పిల్లైనా సరే, రోజూ జిమ్‌కి వెళ్ళే నాన్నైనా సరే. చాలామంది చేసే పని ఏంటంటే దిగిన రోజే కుస్కోలో ఉండిపోయి ఊరంతా తిరగడం. మా వాళ్ళ ప్రోగ్రామ్ ఇక్కడ మాత్రం చాలా బాగా చేసింది, ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా కిందకి, సేక్రెడ్ వ్యాలీలో ఉరుబాంబాకి తీసుకెళ్ళిపోయారు, అది 2870 మీటర్లే, అక్కడ కొన్ని రాత్రులు పడుకోబెట్టి, మొదటి రోజు పని ఏమీ పెట్టకుండా, నీళ్ళు తాగించి, తేలిగ్గా తినిపించి, ఆ తర్వాతే పైన ఉన్న ఊరికి తీసుకెళ్ళారు. పైన ఊరు ఇంచుమించు 3700 మీటర్లు. మీరు ఏ ప్రోగ్రామ్ చూసినా షెడ్యూల్‌లో మొదటి మూడు రాత్రులు ఎక్కడ పడుకుంటారో చూడండి, దాన్నిబట్టే వాళ్ళకి ఎంత తెలుసో అర్థమైపోతుంది.

మా డాక్టర్ ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి అసెటజోలమైడ్ అనే మాత్ర రాసిచ్చారు, సల్ఫా ఎలర్జీ ఉన్న పిల్లలైతే ఈ మాత్ర గురించి డాక్టర్‌తో ముందే మాట్లాడాలి. అక్కడ అందరూ కోకా ఆకు టీ ఇస్తారు, ఆ దేశంలో అది పూర్తిగా లీగల్, మనింటికొచ్చిన వాళ్ళకి మంచినీళ్ళిచ్చినంత మామూలు. కానీ ఆ ఆకులు గానీ టీ బ్యాగులు గానీ అమెరికాకి తెచ్చుకోకూడదు, ఎయిర్‌పోర్ట్‌లో ముద్దుగా ప్యాక్ చేసి అమ్ముతున్నా సరే కొనొద్దు, ఇంకోటి ఆ టీ తాగితే డ్రగ్ టెస్ట్‌లో పాజిటివ్ వచ్చే అవకాశం ఉంది, స్పోర్ట్స్ ఆడే పిల్లలకి ఇది గట్టిగా చెప్పి పంపండి. మా అమ్మాయి పుదీనా వాసనొచ్చే మున్యా అనే ఆకు టీ తాగింది, కడుపుకి కూడా బాగుందంది.

ఒక రాత్రి గ్రూప్‌లో ఒక అబ్బాయికి తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. లోకల్ లీడర్ ఆలస్యం చేయలేదు, వేలికి పెట్టే మెషీన్‌తో ఆక్సిజన్ చూసి, సిలిండర్ పెట్టి, ఆ చీకట్లోనే వ్యాన్ తీసి కింద ఉరుబాంబా క్లినిక్‌కి తీసుకెళ్ళిపోయాడు, పొద్దుటికి పిల్లాడు లేచి కూర్చున్నాడు. ఎత్తు ఎక్కువైతే మొదటి మందు కిందకి దిగడమే, అది అతనికి బాగా తెలుసు. కానీ ఆ అబ్బాయి వాళ్ళమ్మకి ఆఫీస్ నుంచి కబురు వచ్చింది మర్నాడు మధ్యాహ్నం, అది కూడా ఈమెయిల్! మిగతా పేరెంట్స్‌కి అదీ లేదు, మాకు మా పిల్లల వాట్సాప్ మెసేజ్‌ల్లోంచే తెలిసింది. నేను మార్కులు కోసింది ముఖ్యంగా ఇక్కడే, పిల్లల్ని అప్పజెప్పి ఖండం దాటించాక రాత్రి రెండింటికైనా ఫోన్ చేయాలి, అది మర్యాద కాదు, బాధ్యత. డబ్బు కట్టించుకునేటప్పుడు రోజుకి రెండుసార్లు ఫోన్ చేసిన ఆఫీసే అది.

ఇక చలి. మనకి సమ్మర్ అంటే అక్కడ చలికాలం, వానలుండవు, మే నుంచి సెప్టెంబర్ దాకా ఆకాశం నీలంగా మెరిసిపోతూ ఉంటుంది, పగలు టీషర్ట్‌తో తిరగొచ్చు, కానీ ఎండ చర్మాన్ని కాల్చేస్తుంది, పెదాలు పగిలిపోతాయి. సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళాక పది నిమిషాల్లో జాకెట్ వేసుకోవాలి, రాత్రి సున్నాకి దిగిపోతుంది. మట్టి ఇళ్ళు, హీటర్లు ఉండవు, నాలుగు ఉన్ని దుప్పట్లు కప్పుతారు, అవెంత బరువంటే పక్కకి తిరగాలన్నా కష్టమే అని మా అమ్మాయి చెప్పింది. పంపేటప్పుడు లోపల వేసుకునే థర్మల్స్, మంచి సన్‌స్క్రీన్, లిప్ బామ్, తలకి టార్చ్ ఇవ్వండి. ప్యాకింగ్ లిస్ట్‌లో వాళ్ళు రాసిన మిగతా సామాన్లలో సగం అవసరం పడలేదు.

ఇంటి విషయం చెప్తాను. ఒక్కో ఇంట్లో ఇద్దరేసి పిల్లల్ని పెట్టారు, మా దానితో పాటు ఇంకో అమ్మాయి. గది విడిగా, లోపల గడియ ఉంది, బాత్రూమ్ బయట. ఆ ఇంటావిడకి కెచువా, అంటే అక్కడి కొండవాళ్ళ భాష, బాగా వచ్చు, స్పానిష్ కొంచెం కొంచెం, వాళ్ళబ్బాయికి రెండూ వచ్చు, మా అమ్మాయికి స్కూల్లో నేర్చుకున్న స్పానిష్. మేము వెళ్ళినప్పుడు నేను తెలుగులో అడగడం, మా అమ్మాయి స్పానిష్‌లో చెప్పడం, ఆ అబ్బాయి కెచువాలో వాళ్ళమ్మకి చెప్పడం, ఆవిడ నవ్వుతూ నా చెయ్యి పట్టుకుని జవాబు చెప్తే అది మళ్ళీ అదే దారిలో వెనక్కి రావడం! ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న మీకెంత భూమి ఉంది, ఏం పండిస్తారు అని. మాకు ఉన్నది నా పుట్టింటివైపు రెండెకరాలు, కౌలుకిచ్చాం అని చెప్తే ఎందుకిచ్చావు అన్నట్టు చూసింది.

వంటింట్లో కూర్చున్నాం కదా, కాళ్ళ దగ్గర గినీ పందులు తిరుగుతున్నాయి, వాటికి ఆ వంటిల్లే ఇల్లు, కూరగాయల తొక్కలు వేస్తుంటే కీచుకీచుమంటూ పరిగెత్తుకొస్తాయి. పండగొస్తే వాటిని కాల్చి పెడతారు, దాన్ని కుయ్ అంటారు, అక్కడ అతిథికి అది పెద్ద గౌరవం. మేము శాకాహారులం, గుడ్డు తింటాం, ఫామ్‌లో పెద్దక్షరాలతో రాశాం, అయినా మొదట్లో సూప్‌లన్నీ కోడి ఉడికించిన నీళ్ళతోనే వచ్చాయి, ముక్కలు తీసేసి ఇస్తే శాకాహారమే అని వాళ్ళ లెక్క. ఇందులో ఆ ఇంటివాళ్ళ తప్పు ఏమీ లేదు, మన తిండి గురించి వాళ్ళకి ముందుగా వివరంగా చెప్పాల్సింది ఆఫీస్, చెప్పలేదు. మా అమ్మాయి తనే స్పానిష్‌లో మెల్లిగా చెప్పుకుంది, ఆ తర్వాత ఆవిడ విడిగా కినోవా అనే చిన్న గింజల సూప్, బంగాళాదుంపలు, చీజ్‌తో ఉడికించిన పెద్ద గింజల మొక్కజొన్న పెట్టేదట. పచ్చడి మాత్రం నేను కూడా తిన్నాను, రోకోటో అనే మిరపకాయ, వాకతాయ్ అనే ఆకు, వేరుశనగలు వేసి బల్లంత రాయి మీద నూరుతారు, ఉచుకూటా అంటారు. మంట నషాళానికంటింది, ఆవిడ నేను తినేది చూసి ఇంకో గరిటె వేసింది. మన పిల్లలు తిండికి ఇబ్బంది పడతారేమో అని భయపడే వాళ్ళకి చెప్తున్నా, దుంపలూ పచ్చడీ ఉన్నంతకాలం పస్తులుండరు.

బంగాళాదుంప పుట్టిల్లే అది కదా, పెరూలో మూడు వేలకి పైగా రకాలున్నాయంటారు, లిమాలో 1971 నుంచి అంతర్జాతీయ బంగాళాదుంప పరిశోధన కేంద్రం కూడా ఉంది. జూన్ అంటే దుంపలు తవ్వే కాలం. పొలంలోనే మట్టి గడ్డలు గుండ్రంగా గూడులా పేర్చి, లోపల నిప్పు పెట్టి, గడ్డలు ఎర్రగా కాలాక నిప్పు లాగేసి దుంపలు లోపల పడేసి, ఆ గూడుని పైనుంచి కొట్టి కూల్చేస్తారు, వేడి మట్టి కిందే దుంపలు మగ్గిపోతాయి, దాన్ని వాతియా అంటారు. మా అమ్మాయి పంపిన వీడియోల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే, అందరూ నేల మీద కూర్చుని మట్టి దులుపుకుంటూ, చేతులు కాలుతుంటే ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వేసుకుంటూ తింటున్నారు, ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు తీసేవాళ్ళ దగ్గర తప్ప. ఇంకోటి చునో. చిన్న దుంపల్ని రాత్రి మంచులో ఆరుబయట పరుస్తారు, గడ్డకట్టిపోతాయి, పగలు ఎండకి కరిగాక ఉత్త కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండేస్తారు, ఇలా కొన్ని రోజులు చేస్తే ఎండిపోయి రాయిలా గట్టిపడి ఏళ్ళ తరబడి నిలవుంటాయి. ఫ్రీజర్ లేకుండా ఫ్రీజ్ చేసి ఎండబెట్టే పద్ధతి, ఒకప్పుడు అక్కడ రాజ్యమేలిన ఇంకాల కంటే ముందు నుంచీ ఉంది. పొద్దున్నే ఆ చల్లటి దుంపల మీద నిలబడి తొక్కితే అరికాళ్ళు మొద్దుబారిపోయాయట, పక్కనున్న ముసలావిడ మాత్రం పాట పాడుకుంటూ తొక్కుతూనే ఉందట.

ఇప్పుడు అసలు విషయం, వాలంటీరింగ్. నేను ఈ రివ్యూ రాయడానికి కారణం ఇదే. మూడు రకాల పనులు చేయించారు, మూడింటికీ ఫలితం వేరువేరు.

మొదటిది పొయ్యిలు. అక్కడ చాలా ఇళ్ళల్లో వంటింట్లోనే కట్టెల పొయ్యి, పొగ పోయే దారి ఉండదు, ఆడవాళ్ళు, చంటిపిల్లలు ఆ పొగలోనే. పొగగొట్టం ఉన్న పొయ్యి కట్టిస్తే పొగ బయటికి పోతుంది, కట్టెలు తక్కువ పడతాయి. ఈ పని ఊరివాళ్ళు అడిగింది. ఊరి సభలో కూర్చుని ఏ ఇంటికి ముందు కట్టాలో వాళ్ళే తేల్చుకున్నారు, పొయ్యి కావాలనుకున్న ఇంటివాళ్ళు ముందుగానే పచ్చి ఇటుకలు పోసి ఆరబెట్టుకుని సిద్ధంగా ఉండాలని రూల్ కూడా వాళ్ళదే. కట్టేది ఊరి మేస్త్రీ, మన పిల్లలు ఆయనకి కూలీలన్నమాట, మట్టి తొక్కడం, అందులో ఎండుగడ్డి కలపడం, నీళ్ళు మోయడం, ఇటుకలు అందించడం. మేస్త్రీ చెప్పినట్టు చేయకపోతే తీసి మళ్ళీ చేయించాడట. ఇది చాలా మంచి పద్ధతి, పిల్లలకి మేమొచ్చి ఉద్ధరించాం అన్న ఆలోచన రాదు, పని నేర్పిన మనిషి మీద గౌరవం పెరుగుతుంది. మేము వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో వెనక గోడ ఇంకా నల్లగా మసిబారి ఉంది, పక్కనే కొత్త పొయ్యి మీద కుండలో దుంపలు ఉడుకుతున్నాయి, గదిలో పొగ లేదు, కళ్ళు మండలేదు. ఆవిడ ఆ గొట్టం దగ్గరికి నన్ను తీసుకెళ్ళి పైకి చూపించింది, బయటకి తీసుకెళ్ళి పొగ పోవడం కూడా చూపించింది. ఆ ఒక్క పనికి 5కి 5.

రెండోది స్కూల్లో ఇంగ్లీష్ చెప్పడం. ఇది నాకు నచ్చలేదు. పదహారేళ్ళ పిల్లలు, టీచింగ్ అనుభవం లేదు, ముందుగా ట్రైనింగ్ ఒక గంట. రంగులు, పండ్లు, జంతువుల పేర్లు చెప్పించారు. మా అమ్మాయి తిరిగొచ్చే ముందు అక్కడ టీచర్‌ని అడిగిందట, పోయినసారి వచ్చిన వాళ్ళు ఏం చెప్పారు అని, అవే రంగులు, అవే పండ్లు. ఎవరూ ఏం చెప్పారో రాసిపెట్టరు, తర్వాత వచ్చేవాళ్ళు మొదటి నుంచి మొదలుపెడతారు. ఆ చిన్నపిల్లల క్లాస్ టైమ్ మన పిల్లల అనుభవం కోసం ఖర్చయిపోతుంది, అది న్యాయం కాదు. పైగా పెరూలో స్కూల్ సంవత్సరం మార్చి నుంచి డిసెంబర్, జూలై 28 వాళ్ళ స్వాతంత్ర్య దినం, ఆ టైమ్‌లో జూలై ఆఖరు నుంచి స్కూళ్ళకి సెలవులు. అంటే జూలై ఆఖర్లో వెళ్ళే బ్యాచ్‌కి బ్రోచర్‌లో స్కూల్ టీచింగ్ అని ఉంటే అక్కడ స్కూలే తెరిచి ఉండదు! ఆ బ్యాచ్‌కి వెళ్ళిన వేరే వాళ్ళమ్మాయి ఊళ్ళో పిల్లలతో ఆటలు ఆడించి వచ్చింది. ఆటలు మంచివే, కానీ అదే రాయండి, టీచింగ్ అని ఎందుకు రాయడం.

మూడోది స్కూల్ గోడకి రంగులు, దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు, రంగు బాగానే ఉన్న గోడకి మళ్ళీ రంగేశారు.

తేడా ఎక్కడుందంటే, పని ఎవరు అడిగారు అన్న దగ్గర. ఊరు అడిగిన పని ఊరి పద్ధతిలో నడిచింది, ఆఫీస్ తయారుచేసిన పని ఫొటోల కోసం నడిచింది. నిజానికి కలిసి పనిచేయడం ఆండీస్ వాళ్ళకి మనం వెళ్ళి నేర్పేది ఏముంది? ఇవాళ నువ్వు నా పొలానికి రా, రేపు నేను నీ పొలానికి వస్తా అనే లెక్క మీదే ఆ ఊళ్ళు ఇన్ని వందల ఏళ్ళుగా నడుస్తున్నాయి. అపురిమాక్ నది మీద కెస్వాచాకా అని గడ్డితో పేనిన వంతెన ఉంది, దాన్ని ప్రతి ఏడాది జూన్‌లో చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ వాళ్ళు కలిసి పాతది తెంపేసి కొత్తది అల్లుతారు, ఆడవాళ్ళు గడ్డి తాళ్ళు పేనుతారు, మగవాళ్ళు వంతెన అల్లుతారు, 2013లో యునెస్కో ఆ ఆనవాయితీని గుర్తించింది. కుస్కో నుంచి దూరమని మా బ్యాచ్‌ని తీసుకెళ్ళలేదు, గోడకి రంగేసిన రోజులు మానేసి అక్కడికి తీసుకెళ్ళి ఒక పక్కన కూర్చోబెట్టి చూపించి ఉంటే పిల్లలకి జన్మంతా గుర్తుండేది. దీని గురించి ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో కూడా రాశాను.

ఇంకో ముఖ్యమైన మాట, కొన్ని ప్రోగ్రామ్‌ల లిస్ట్‌లో అనాథాశ్రమంలో పిల్లలతో గడపడం అని ఉంటుంది. అలాంటిది అస్సలు ఎంచుకోవద్దు. కొన్నాళ్ళు ముద్దుచేసి వెళ్ళిపోయే కొత్త మొహాలు నెలనెలా మారుతుంటే ఆ పిల్లల మనసులు ఏమవ్వాలి, మన పిల్లల కాలేజ్ ఎస్సే కోసం వాళ్ళు ఎందుకు బాధపడాలి. మా ప్రోగ్రామ్‌లో అది లేదు కాబట్టే చేర్చాం.

సంస్కృతి వైపు వస్తే, అది ఈ ట్రిప్‌లో బాగా చేసిన భాగం. చించెరో అనే ఊళ్ళో నేతవాళ్ళ దగ్గర ఒక రోజంతా ఉన్నారు. ఒక వేరుని తురిమి నీళ్ళలో వేస్తే అచ్చం కుంకుడుకాయ రసంలా నురగొస్తుంది, మట్టి పట్టిన ఉన్ని అందులో ముంచితే తెల్లగా వచ్చేస్తుంది. నాగజెముడు మీద తెల్లగా బూజులా పట్టే కొచినీల్ పురుగుని అరచేతిలో పెట్టి నలిపితే ముదురు ఎరుపు, అందులో నిమ్మరసం పిండితే నారింజ వైపు తిరుగుతుంది. ఇది మేము వెళ్ళినప్పుడు కూడా చేసి చూపించారు, నా అరచేతిలోనే, స్నానం చేశాక కూడా గీతల్లో ఎరుపు ఉండిపోయింది. మగ్గం నడుముకి కట్టుకుని ఇంకో కొస గుంజకి కట్టి నేస్తారు, మా అమ్మాయికి చిన్న పట్టీ నేయడం నేర్పారు, వంకరగా వచ్చిన దగ్గరల్లా విప్పించి మళ్ళీ నేయించారు. ఒక పెద్ద దుప్పటి నేయడానికి నెలలు పడుతుందని కళ్ళారా చూశాక కుస్కో బజార్లో బేరం చేయడం మానేసింది పిల్ల, మెషీన్‌ది ఏదో చేత్తో నేసింది ఏదో వెనక్కి తిప్పి చూసి చెప్పేస్తోంది.

జూన్ 24న కుస్కోలో ఇంతి రైమి, సూర్యుడి పండగ. స్పెయిన్ వాళ్ళ వలస పాలనలో ఆగిపోయిన దాన్ని 1944లో మళ్ళీ వేడుకగా మొదలుపెట్టారు. కొరికాంచా అనే పాత సూర్య దేవాలయం దగ్గర మొదలై, ఊరి మధ్య ప్లాసాకి వచ్చి, ఆ తర్వాత పైన సాక్సాయ్‌వామాన్ కోట దగ్గర ముగుస్తుంది, మాటలన్నీ కెచువాలోనే. కోట దగ్గర కుర్చీలకి టికెట్, ఎదురుగా ఉన్న కొండ మీద నుంచి ఊరి జనం ఊరికే చూస్తారు, పిల్లల్ని అక్కడే కూర్చోబెట్టారు, మంచిపని చేశారు, పక్కన కుటుంబాలు మొక్కజొన్నలు పంచుకుంటూ కథ చెప్తుంటే విన్నారట. జూన్ నెల మొత్తం కుస్కో వీధుల్లో స్కూల్ పిల్లలు, కాలేజ్ పిల్లలు డ్యాన్స్‌లు చేస్తూనే ఉంటారు, ఆ ఒక్క కారణానికే నేను జూన్ బ్యాచ్ అంటాను.

మాచు పిచ్చు అంటే కొండ మీద ఇంకాలు కట్టిన పాత నగరం, దాని విషయంలో మాత్రం కంపెనీ నిరాశపరిచింది. అక్కడ రోజుకి ఇంతమందే అని పరిమితి, టికెట్ మీద పేరు, పాస్‌పోర్ట్ నంబర్, టైమ్, నడిచే దారి అన్నీ ఉంటాయి. 2024 నుంచి దారుల్ని మూడు సర్క్యూట్లుగా చేశారు, పైనుంచి మనం ఫొటోల్లో చూసే ఆ దృశ్యం మొదటి రెండిట్లోనే బాగా కనిపిస్తుంది, మూడోది కింద భాగం. జూన్ జూలైల్లో టికెట్లు చాలా ముందే అయిపోతాయని అందరికీ తెలుసు, ప్రతి ఏడాది గ్రూపులు నడిపే వాళ్ళకి తెలియదా, ఆలస్యంగా బుక్ చేసి మూడో సర్క్యూట్ ఇచ్చారు. పిల్లలు రాళ్ళ పనితనం దగ్గర్నుంచి చూశారు, గైడ్ బాగా చెప్పాడు, కానీ ఆ పై దృశ్యం చూడకుండానే వచ్చేశారు. చేరే ముందే ఏ సర్క్యూట్ అని అడిగి రాయించుకోండి. సేక్రెడ్ వ్యాలీలోని ఓయాంతాయ్‌తాంబో నుంచి రైల్లో మాచు పిచ్చు కింద ఉన్న ఆగ్వాస్ కాలియెంతెస్ ఊరికి, అక్కడ్నుంచి బస్సు, ఆ ప్రయాణం మాత్రం అద్భుతం, నది పక్కనే వెళ్తుంటే కొండలు పచ్చబడుతూ గాలి తేమగా మారుతూ ఉంటుంది. మాచు పిచ్చు 2430 మీటర్లే, కుస్కో కన్నా వెయ్యి మీటర్లు కింద, అందుకని అక్కడ అందరికీ ఊపిరి హాయిగా ఆడుతుంది. రెయిన్‌బో మౌంటెన్ కూడా షెడ్యూల్‌లో ఉండింది, అది 5000 మీటర్లు దాటుతుంది, లోకల్ లీడర్ ఒంట్లో కొంచెం బాలేని వాళ్ళెవర్నీ రానివ్వలేదు, పిల్లలు అలిగినా వినలేదు, అతనికి నా నమస్కారం.

ఖర్చు విషయం. విమానం టికెట్ కాకుండా ఐదు వేల డాలర్లకి కొంచెం పైనే అయ్యింది, టికెట్, ఇన్సూరెన్స్, వ్యాక్సిన్లు అదనం. ఆ డబ్బులో ఆ ఊరికి ఎంత వెళ్తుంది అని నేను రెండుసార్లు మెయిల్ పెట్టాను, సూటిగా జవాబు రాలేదు. ఆ ఇంటావిడని అడిగితే ఒక్కో పిల్లకి రాత్రికి ఇంత అని చేతికిస్తారని, ఊళ్ళో కుటుంబాలకి వంతులవారీగా పిల్లలు వస్తారని చెప్పింది, వంతుల పద్ధతి ఊరివాళ్ళే పెట్టుకున్నారట. పొయ్యి సామాన్లకి కూడా ప్రోగ్రామే ఇచ్చింది. అది మంచిదే, కానీ ఇంత ఫీజు తీసుకునేవాళ్ళు లెక్క పేపర్ మీద పెట్టాలి. వేలకి వేలు లేకపోతే సేవ చేసే అవకాశం లేదని పిల్లలు అనుకోకూడదు కూడా, మీ ఊరి ఫుడ్ బ్యాంక్‌లో వారానికి రెండు గంటలు ఏడాది పొడుగునా చేసిన పిల్ల చేసేది దీనికంటే పెద్ద సేవ. ఈ ట్రిప్ ముఖ్యంగా నేర్చుకోవడానికి, కాలేజ్ అప్లికేషన్ కోసం మాత్రం పంపొద్దు.

కాగితాల గురించి మన వాళ్ళకి ప్రత్యేకంగా. పిల్లలకి అమెరికన్ పాస్‌పోర్ట్ ఉంటే టూరిస్ట్‌గా పెరూకి వీసా అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే మామూలుగా వీసా కావాలి, కానీ గ్రీన్ కార్డ్ గానీ, ఇంకా కనీసం ఆరు నెలలు చెల్లే అమెరికా వీసా గానీ ఉంటే మినహాయింపు ఉంది, బుక్ చేసే ముందు కాన్సులేట్ దగ్గర ఒకసారి ఖాయం చేసుకోండి. హెచ్4 (హెచ్1బీ మీద పనిచేసేవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలైతే తిరిగి రావడానికి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ ఉందో లేదో ముందు అది చూడండి, పెరూ వెళ్ళడం తేలికే, వెనక్కి రావడం దగ్గర చిక్కుపడతారు. తల్లిదండ్రులిద్దరి సంతకాలతో నోటరీ చేయించిన లెటర్ ఇంగ్లీష్‌లో ఒకటి, స్పానిష్‌లో ఒకటి ఇచ్చి పంపాం. టైఫాయిడ్, హెపటైటిస్ ఏ టీకాలు వేయించాం. యెల్లో ఫీవర్ టీకా అడవి వైపు వెళ్ళేవాళ్ళకి చెప్తారు, కుస్కో, మాచు పిచ్చు వరకే అయితే మా డాక్టర్ అవసరం లేదన్నారు. కుళాయి నీళ్ళు తాగకూడదు, పళ్ళు తోముకోవడానికి కూడా కాచిన నీళ్ళే. ఇన్సూరెన్స్‌లో ఎత్తు ప్రదేశాల నుంచి కిందకి తరలించే ఖర్చు కవర్ అవుతుందో లేదో చిన్న అక్షరాలు చదవండి.

మీరు ఫోన్ చేసి మాట్లాడేటప్పుడు ఈ పని ఊళ్ళో ఎవరు అడిగారు, మన పిల్లలు లేని నెలల్లో ఆ పని ఎవరు చూసుకుంటారు, లోకల్ లీడర్లు ఎన్నేళ్ళుగా ఉన్నారు, పిల్లలకి బాగోకపోతే ఎన్ని గంటల్లో నాకు ఫోన్ వస్తుంది, ఇవి అడగండి. తడబడకుండా జవాబు చెప్తే పంపొచ్చు, బ్రోచర్‌లో మాటలే తిప్పి చెప్తే ఇంకోటి చూసుకోండి.

ఎవరికి సరిపోతుందంటే, కొంచెమైనా స్పానిష్ మాట్లాడే, పదహారు దాటిన, తన బట్టలు తను చల్లనీళ్ళతో ఉతుక్కోగలిగిన పిల్లలకి. ఇంటి మీద బెంగ పెట్టుకునే పిల్లలకి కష్టం, సిగ్నల్ సరిగ్గా ఉండదు, రోజూ మాట్లాడటం కుదరదు. మా అమ్మాయి ఇప్పటికీ ఆ ఇంటబ్బాయికి వాట్సాప్‌లో మెసేజ్ పెడుతుంది, వాళ్ళమ్మ వాయిస్ మెసేజ్ పంపుతుంది, దుంపలు ఎలా పండాయో చెప్తుందట. మా చిన్నాడికి ఇంకా పదమూడే, నేనెప్పుడు వెళ్తా అని గొడవ, మూడేళ్ళు ఆగమన్నాం, ఈసారి పొయ్యిలు కట్టే జూన్ బ్యాచ్‌కే, అది కూడా ఫోన్ చేసే విషయం రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే.